దానంతటదే మోగిన డ్రమ్ము

ఉదయం 9.12.

గ్రీన్‌రూమ్ మూలన ఒక నల్లటి పెట్టె ఉంది. లోపల సెల్‌ఫోన్ మోగుతోంది. ఆరోసారి మోగాక ఎవరో విసుక్కుని పెట్టె తెరిచారు.

లోపల ట్రాంబోన్ ఉంది. ముందుకీ వెనక్కీ జరిగే గొట్టం ఉన్న పొడవాటి ఇత్తడి బూర అది. పక్కన ఫోను, నీళ్ల సీసా, నీలం రంగు ఇన్‌హేలర్.

మనిషి మాత్రం లేదు.

ఆ పెట్టె ఇరవై ఏళ్ల అమ్మాయిది. ఇంటా బయటా అందరూ ఆమెను పిట్ట అంటారు. మనిషి కన్నా మోసే పెట్టె పెద్దదిగా కనిపిస్తుంది కాబట్టి ఆ పేరు అతికినట్టు సరిపోయింది.

మూడు రోజుల జాజ్ ఫెస్టివల్ అది. పగలు నేర్చుకునేవాళ్లకు వర్క్‌షాప్, సాయంత్రం పెద్దవాళ్ల కచేరీ. వర్క్‌షాప్‌కు వచ్చిన నలభై మందిలో ఒక్కరికి ఆఖరి రోజు పెద్ద బ్యాండ్‌తో కలిసి వాయించే అవకాశం ఇస్తారు. ఈసారి ఆ ఒక్కరు పిట్ట. ఆఖరి రోజు ఈరోజే. రిహార్సల్ తొమ్మిదింటికి. ఆమె రాలేదు.

ఫోన్ చేస్తున్నది ఆమె అక్క.

10.05.

పోలీస్ స్టేషన్‌లో డ్యూటీ రైటర్ అక్క చెప్పినదంతా విన్నాడు. మేజర్ అయిన అమ్మాయి, కనిపించక గంట. సాయంత్రం దాకా చూసి రమ్మన్నాడు. అక్క వాదించలేదు. హాల్‌కు వెళ్లి చెల్లెలి పెట్టెలోంచి తెచ్చిన ఇన్‌హేలర్‌ను చేతిసంచిలోంచి తీసి టేబుల్ మీద పెట్టింది.

లోపలి గదిలోంచి ఇన్‌స్పెక్టర్ అది చూసింది. లేచి వచ్చింది.

"దానికి ఆయాసం మేడమ్," అంది అక్క. "ఇది లేకుండా వీధి చివరిదాకా కూడా వెళ్లదు. ఆయాసం మొదలైతే అరగంట. ఆ తర్వాత హాస్పిటలే. ఎప్పుడు మొదలవుతుందో ఎవరికీ తెలీదు. దుమ్ము తగిలితే చాలు."

అక్క ఒక ల్యాబ్‌లో టెక్నీషియన్. రోజూ ఇతరుల రక్తం తీసే చెయ్యి. ఆ చెయ్యి ఇన్‌హేలర్‌ను టేబుల్ మీద ఇంకాస్త ముందుకు జరిపింది. అమ్మానాన్నలు పోయాక చెల్లెల్ని పెంచింది తనే. నిద్రలో కూడా పక్కమంచం మీద ఊపిరి వినడం పదకొండేళ్లుగా ఆమెకు అలవాటు.

ఇన్‌స్పెక్టర్ ఇంకేమీ అడక్కుండా టోపీ అందుకుంది. 'మిస్సింగ్' అన్న మాట వింటే రెండేళ్లుగా ఆమె తీరింతే. అప్పుడొక కేసులో తప్పిపోయిన మనిషిని బంధించిన గది తలుపు దొరికింది. కానీ గంట ఆలస్యంగా దొరికింది.

జీపు తీయమంది.

10.20.

సంగీతంలో ఈ ఇన్‌స్పెక్టర్‌కు ఓనమాలు రావు. ఆమె స్నానాల గదిలో కూనిరాగం తీస్తే గీజరు పాడైందా అని పక్కింటివాళ్లు అడుగుతారట. ఈ మాట చెప్పేది వాళ్లాయనే. అలాంటి మనిషి జాజ్ ఫెస్టివల్ హాల్లో అడుగుపెట్టింది.

హాల్ ముందు పెద్ద బోర్డు. 'ముందు వినండి. తర్వాత వాయించండి.' కింద పియానో మాస్టారి సంతకం. వర్క్‌షాప్ నడిపేది ఆయనే.

లోపలి నుంచి పియానో వినిపిస్తోంది.

ఆమె వెంట వచ్చిన కానిస్టేబుల్ ఇరవై నిమిషాల్లో హాలంతా గాలించాడు. టాయిలెట్లు, మేడ, కుర్చీలు పెట్టే స్టోర్‌రూమ్, కార్ పార్కింగ్. ఎక్కడా లేదు. ముందు గేటు సీసీటీవీలో పిట్ట 8.07కి లోపలికి వచ్చింది. బయటికి వెళ్లలేదు. వెనక గేటు రాత్రి వేసిన తాళం వేసినట్టే ఉంది.

అంటే లోపలే ఉంది. ఆ మాట తెలియగానే భయం తగ్గాల్సింది. పెరిగింది.

ఇన్‌స్పెక్టర్ ఎడమ వైపు నడవాలో నడిచింది. గోడ పొడవునా పాత కచేరీల ఫొటోలు. ఒక ఫొటో దగ్గర కానిస్టేబుల్ ఆగాడు. స్టేజి మీద నలుగురు గాయకులు నిలబడి ఉన్నారు. వాళ్ల పాదాల దగ్గర ఐదారు తలకాయలు. కింద రాసిన పేర్లను బట్టి ఒకటి కుర్రవయసు పియానో మాస్టారిది.

"తలకాయలు కోసి వరసగా పెట్టినట్టుంది మేడమ్," అన్నాడు కానిస్టేబుల్. వేళాకోళానికే అన్నాడు కానీ గొంతులో నవ్వు లేదు. ఆమె ఒక్క క్షణం చూసి ముందుకు నడిచింది. ఫొటో పక్కనే డ్రమ్ముల ఖాళీ పెట్టెలు మనిషెత్తున పేర్చి ఉన్నాయి.

గ్రీన్‌రూమ్‌లో నల్లపెట్టె తెరిచి చూసింది. అక్కను పక్కన నిలబెట్టి, ఇందులో ఉండాల్సింది ఏది లేదో చెప్పమంది. అక్క ఒక్కొక్కటే తడిమి చూసింది. బూరకు నోటి దగ్గర పెట్టే మౌత్‌పీస్ లేదు. గోధుమరంగు నోట్‌బుక్ కూడా లేదు. పాటలు రాసుకునే పుస్తకం అది, దిండు కింద పెట్టుకుని పడుకునేది అంది అక్క. వర్క్‌షాప్‌లో హోంవర్క్‌గా రాసి తెమ్మన్న పాట కూడా అందులోనే రాసిందట.

10.45.

మొదట పిలిపించింది పోస్ట్‌మాస్టర్‌ని.

ఆయన రిటైరై మూడేళ్లయింది. ఉద్యోగమంతా ఉత్తరాల మీద ముద్రలు కొట్టి, అరవై దాటాక ట్రాంబోన్ పట్టుకున్నాడు. వర్క్‌షాప్‌లో ట్రాంబోన్ నేర్చుకునేది ఇద్దరే, పిట్టా ఆయనా. మొన్న క్యాంటీన్‌లో 'ఆ సీటు నాకు రావాల్సింది' అని ఆయన అన్నట్టు ముగ్గురు సాక్ష్యం చెప్పారు. ఆఖరుసారి పిట్టను చూసిందీ ఆయనే.

"ఎన్నింటికి?"

"ఎనిమిదిన్నరకి. నడవాలో."

"ఏం చేస్తోంది?"

"మౌత్‌పీస్ నోట్లో పెట్టుకుని తుమ్మెదలా రొద చేస్తోంది. మేమంతా అంతేనండీ. ఇత్తడి చల్లగా ఉంటే పెదవి పలకదు. అందుకని దాన్ని జేబులో పెట్టుకుని వెచ్చగా ఉంచుతాం."

"మాట్లాడారా?"

"గుడ్ మార్నింగ్ చెప్పాను. తను చెప్పలేదు. కోపంగా ఉంది. చేతిలో ఆ నోట్‌బుక్ ఉంది."

"సీటు మీకు రావాల్సిందని అన్నారట."

పెద్దాయన తల దించుకున్నాడు. అన్నానని ఒప్పుకున్నాడు. ఇంటికెళ్లి అద్దంలో చూసుకుంటే సిగ్గేసిందని, ఆ పిల్ల వాయిస్తే వినడానికే తను వర్క్‌షాప్‌కు వస్తున్నానని చెప్పాడు. చెబుతూ చేతిలోని కాగితాన్ని నలిపేస్తున్నాడు. ఇన్‌స్పెక్టర్ ఆ కాగితం తీసుకుంది. పాట రాసుకున్న కాగితం. గీతలు, గళ్లు, చుక్కలు. ఆమెకు అది చీమల బారులా కనిపించింది. పైన అక్కడక్కడా కామాలు ఉన్నాయి.

ఇవేమిటని అడిగింది. ఊపిరి తీసుకునే చోట్లని చెప్పాడాయన. వాయించేటప్పుడు కంగారులో మరిచిపోతామని ముందే గుర్తు పెట్టుకుంటారట. తను నాలుగు గళ్లకోసారి పెట్టుకుంటాడు. మంచి దమ్మున్నవాళ్లయితే ఎనిమిది గళ్ల దాకా లాగుతారు.

"పిట్ట?"

"రెండు గళ్లకోసారి. పాపం, అంతకన్నా దమ్ము నిలవదు. కానీ ఆ ఆగే చోట్లే దాని వాయింపుకి అందమండీ. ఇంకెవరూ అక్కడ ఆగరు."

ఆయన కళ్లు తుడుచుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ ఆయన్ని పంపేసింది. నమ్మిందో లేదో ముఖం చూసి చెప్పడం కష్టం.

10.53.

స్టేజి ఎక్కింది. పియానో మాస్టారు ఇంకా వాయిస్తూనే ఉన్నారు. తెల్లని జుట్టు, ఇస్త్రీ మడత నలగని చొక్కా. పెద్ద బ్యాండ్‌లో మిగతావాళ్లు కుర్చీల్లో బిక్కచచ్చిపోయి కూర్చున్నారు. ఆయన ఒక్కరే పని ఆపలేదు.

"స్టేజి భయం మేడమ్," అన్నారాయన, వాయిస్తూనే. "ఏటా ఒకరిద్దరు పారిపోతుంటారు. మధ్యాహ్నానికి తనే వస్తుంది."

"పొద్దున ఎన్నింటికొచ్చారు మీరు?"

"ఎనిమిదికి."

"ఆమెను చూశారా?"

"లేదు."

"ఇంత గొడవలో కూడా వాయిస్తున్నారు."

"నేను ఆపితే పిల్లలు ఇంకా భయపడతారు. సంగీతం వినిపిస్తుంటే ధైర్యంగా ఉంటుంది."

సమాధానాలు ప్రశ్న పూర్తికాకముందే వస్తున్నాయి. ఆయన ఒక చేత్తో వాయిస్తూ రెండో చేత్తో రుమాలు తీసి పియానో మెట్లు తుడిచారు. చెమటకు జారుతున్నాయి.

ఆమె పియానో మీది కాగితం చూసింది. కొత్త పాట, సాయంత్రం మొదటి అంశం ఇదే అన్నారు. ఒక్క పియానోకే రాసింది, దీంట్లో బ్యాండ్ ఉండదు. ఈ పాటతో రేపు రికార్డింగ్ కూడా ఉందట. పన్నెండేళ్ల తర్వాత వస్తున్న సొంత పాట అని, నిన్నటి రిహార్సల్‌లోనే మొదటిసారి వినిపించారని, పక్కన బాస్ అనే పెద్ద తీగవాద్యం వాయించేవాడు గొప్పగా చెప్పాడు. అందమైన దస్తూరి. గళ్లూ చుక్కలూ కామాలూ ముత్యాల్లా ఉన్నాయి.

ఆమె దిగబోతుంటే డ్రమ్మర్ చెయ్యి పైకెత్తాడు, బడిలో ఒంటికి అడిగినట్టు.

నున్నటి తల కాబట్టి అందరూ అతన్ని గుండు అంటారు. పెద్ద శరీరం, మెత్తని మనిషి. చెబితే నవ్వుతారేమో అంటూ మొదలుపెట్టాడు.

"పొద్దున నా డ్రమ్ము దానంతటదే మోగింది మేడమ్."

ఎవరూ నవ్వలేదు.

"ఏ డ్రమ్ము?"

అతను నడుమెత్తు స్టాండ్ మీదున్న చిన్న డ్రమ్ము చూపించాడు. స్నేర్ అంటారు. దాని అడుగు తోలుకు ఆనుకుని సన్నటి స్ప్రింగు తీగల పట్టీ ఉంటుంది. జాజ్‌లో వినిపించే ఆ గరగర శబ్దం ఆ తీగలదే. ఒక్కోసారి ఎవరూ కొట్టకపోయినా పక్కన బూర ఊదితేనో, చెక్క అదిరితేనో తీగలు వాటంతటవే గరగరలాడతాయట.

"ఎప్పుడు మోగింది?"

"తొమ్మిదీ ముప్పావుకి. గర్ గర్ గర్. ఆగింది. మళ్లీ గర్ గర్ గర్. అప్పుడెవరూ ఏమీ వాయించట్లేదు. స్టేజి కుర్రాళ్లు దెయ్యం అన్నారు. నేను బయట లారీ అనుకున్నాను."

"తర్వాత?"

"తర్వాత మాస్టారు వాయించడం మొదలుపెట్టారు. మెత్తని పాట. అవతలివాళ్లు మెత్తగా వాయిస్తుంటే మన డ్రమ్ము గరగరలాడకూడదు మేడమ్. అది మా మర్యాద. పక్కన మీట ఉంటుంది. తిప్పితే తీగలు కిందికి దిగిపోతాయి. మోగదు. చెయ్యి దానంతటదే తిప్పేస్తుంది, ఆలోచించం కూడా."

"తిప్పేశారా?"

"తిప్పేశాను."

ఇన్‌స్పెక్టర్ వాచీ చూసింది. 10.58. గంటా పదమూడు నిమిషాలు.

"లారీ మూడేసి సార్లు లెక్కపెట్టుకుని అదురుతుందా?" అంది.

గుండు ముఖంలో నెత్తురు లేదు.

ఆమె అందరినీ కదలొద్దంది. ఏసీ ఆపించింది. కానిస్టేబుల్ బయటికి పరిగెత్తి జనరేటర్ ఆపించాడు. పియానో ఇంకా మోగుతోంది.

"మాస్టారూ, ఆపండి."

ఆయన ఇంకొక్క గడి వాయించి ఆపారు.

ఆ హాల్లో అంత నిశ్శబ్దం ఎప్పుడూ లేదేమో. అక్క స్టేజి మెట్ల మీద చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. గుండు మీట పైకి తిప్పాడు. టిక్ మంది.

పది సెకన్లు గడిచాయి. ఇరవై. ముప్పై.

ఏమీ లేదు.

అక్క ఒక మెట్టు పైకెక్కింది.

అప్పుడు గరగర. చాలా సన్నగా, ఇసుక జారినట్టు. ఒకసారి. ఆగి ఇంకోసారి. మూడోది రాలేదు.

బాస్ వాయించేవాడు దణ్ణం పెట్టేశాడు. తీగలు కదలడం అందరూ కళ్లారా చూశారు. కర్ర ముట్టలేదు, చెయ్యి ముట్టలేదు. గుండు డ్రమ్మును స్టాండ్‌తో సహా ఎత్తి స్టేజి అంచుకు తెచ్చి పెట్టాడు. మళ్లీ గరగర. ఇక్కడ కాస్త గట్టిగా వచ్చింది.

"కింద ఉంది," అంది ఇన్‌స్పెక్టర్.

11.03.

స్టేజి వడ్రంగి పరిగెత్తుకొచ్చాడు. కింద ఏమీ ఉండదన్నాడు. తను చేరి ఐదేళ్లు, అంతకు ముందే వేసిన ఫ్లోర్ ఇది. ఇనప ఫ్రేమ్, రెండు వరసల చెక్క, పైన కార్పెట్. కొయ్యాలంటే రంపం తెచ్చి నలభై నిమిషాలు.

అక్కకు ఆ లెక్క వినిపించింది. "అంతసేపు ఉండదు మేడమ్," అంది. ఏడవలేదు. రిపోర్టు చదివినట్టు చెప్పింది.

రంపం తెమ్మని వడ్రంగిని పంపింది ఇన్‌స్పెక్టర్. అంబులెన్స్‌కు ఫోన్ చేయించింది. డ్రమ్ము వైపు చూసింది. తీగలు కదలడం లేదు.

ఆమెకూ భయం వేసింది. పాత భయమే. తలుపు ఉంది, ఎక్కడో ఉంది, దొరికేసరికి ఆలస్యమవుతుంది. స్టేజి అంచు వెంట నడుస్తూ చెక్కలు తట్టి చూసింది.

అప్పుడు నడవాలోని తలకాయలు గుర్తొచ్చాయి.

11.06.

"మాస్టారూ," అంది. "నడవాలో మీ పాత ఫొటో ఉంది. గాయకుల పాదాల దగ్గర మీ తల. మిగతా ఒళ్లు ఎక్కడుంది?"

ఆయన రుమాలు మడతపెట్టుకున్నారు.

"స్టేజి ముందు గుంట ఉండేది. వాద్యాలవాళ్లు అందులో కూర్చునేవారు. తర్వాత పైన చెక్కలేసి స్టేజి పెంచారు. గుంట పూడ్చలేదు. ఆ సంగతి ఇక్కడున్న వాళ్లలో మీ ఒక్కరికే తెలుసు. దిగే తలుపెక్కడ?"

"నాకు గుర్తులేదు. ముప్పై ఏళ్ల మాట."

ఆమె పియానో మీది కాగితం తీసుకుంది. పోస్ట్‌మాస్టర్‌ను పైకి రమ్మంది.

"మాస్టారూ, ఈ కామాలు ఏంటి?"

"పాటలో విరుపులు."

"పోస్ట్‌మాస్టర్ గారూ, మీరు చూడండి."

పెద్దాయన కళ్లద్దాలు సర్దుకున్నాడు. వేలితో గళ్లు లెక్కపెట్టాడు. రెండు గళ్లు, కామా. రెండు గళ్లు, కామా. ఆఖరి వరస దాకా అంతే. వేలు ఆగిపోయింది.

"ఇవి ఊపిరి గుర్తులండీ," అన్నాడు. "రెండు గళ్లకోసారి పెట్టుకునేది ఒక్క పిట్టే."

"పియానోకి ఊపిరెందుకు మాస్టారూ?"

ఈసారి సమాధానం ప్రశ్నకు ముందే రాలేదు. మాస్టారు కాగితం కోసం చెయ్యి చాపారు.

ఇన్‌స్పెక్టర్ ఆగలేదు. ఆగే టైమ్ లేదు. తనకు సంగీతం తెలియదని, పరీక్షల సంగతి మాత్రం తెలుసని అంది. వాళ్లబ్బాయి క్లాసులో ఒకడు పక్కవాడి పేపరు చూసి రాస్తూ పక్కవాడి రోల్ నంబర్ కూడా రాసేశాడు. ఇదీ అంతే. పాటలు రాసి తెమ్మని వర్క్‌షాప్‌లో హోంవర్క్ ఇచ్చారు. పిట్ట రాసింది ఈయనకు నచ్చింది. పన్నెండేళ్లుగా సొంతంగా ఒక్కటీ రాని చేతికి అది దొరికింది. ఉన్నదున్నట్టు దించుకున్నారు. చుక్కలతో పాటు ఆమె ఊపిరి కూడా దించుకున్నారు. నిన్నటి రిహార్సల్‌లో పిట్ట ఆ పాట విన్నది. ఈరోజు నోట్‌బుక్ పట్టుకుని కోపంగా వచ్చింది. ఎవరూ వినకుండా మాట్లాడుకుందాం రమ్మని ఆమెను ఆ గుంటలోకి తీసుకెళ్లారు.

"తొమ్మిదీ ముప్పావుకి డ్రమ్ము మోగితే అందరికన్నా ముందు మీకు అర్థమైంది. అప్పటి నుంచి ఆపకుండా వాయిస్తున్నారు. పిల్లల ధైర్యం కోసం కాదు. అది వినపడకుండా ఉండటం కోసం."

బ్యాండ్‌లో ఎవరో కుర్చీ వెనక్కి నెట్టిన చప్పుడు. గుండు రెండడుగులు ముందుకేశాడు. కానిస్టేబుల్ అడ్డం నిలబడ్డాడు.

మాస్టారు వేళ్లు మళ్లీ పియానో మెట్ల మీద పెట్టుకున్నారు. ఒప్పుకుంటే ముప్పై ఏళ్ల పేరు పోతుంది. ఒప్పుకోకపోతే ఇంకా కొంచెంసేపు ఉంటుంది. ఆ కొంచెంసేపు కోసం ఆయన పాకులాడటం అందరికీ కనిపిస్తోంది.

అప్పుడు అక్క ముందుకొచ్చింది. తిట్టలేదు, కాలర్ పట్టుకోలేదు. నీలం రంగు ఇన్‌హేలర్‌ను సంచిలోంచి తీసి పియానో మెట్ల మీద, ఆయన వేళ్ల ముందు పెట్టింది.

"మా చెల్లికి ఆయాసం," అంది. "మందు ఇక్కడుంది. అది అక్కడుంది. ఎక్కడో మీరు చెబితే నేను తీసుకెళ్లి ఇచ్చుకుంటాను."

ఆయన ఇన్‌హేలర్ కేసి చూశారు. ముఖం పాలిపోయింది. ఇప్పటిదాకా ఉన్న భయం దొరికిపోతానేమోనని. ఇది వేరే భయం.

"ఆయాసమా? బూర వాయించే పిల్లకి ఆయాసమని నాకెలా తెలుస్తుంది?"

"రెండు గళ్లకోసారి ఎందుకు ఆగుతావమ్మా అని ఒక్కసారి అడిగి ఉంటే తెలిసేది," అన్నాడు పోస్ట్‌మాస్టర్.

పియానో మాస్టారి పెదవులు కదిలాయి. "ఎడమ నడవా. డ్రమ్ముల పెట్టెల వెనక. కింద చిన్న తలుపు, గడియ బయట ఉంది. రిహార్సల్ అయ్యాక తీద్దామనుకున్నాను. బతిమాలితే వింటుందనుకున్నాను. ఈలోగా మీరొచ్చారు."

ఆయన మాట పూర్తయ్యేసరికి స్టేజి మీద సగం మంది లేరు.

11.11.

పెట్టెలు ఒక్కొక్కటిగా దించే ఓపిక ఎవరికీ లేదు. గుండు భుజం పెట్టి మొత్తం వరసని తోసేశాడు. వెనక నడుమెత్తు తలుపు. గడియ తీయగానే బూజు వాసన, దుమ్ము.

ఇన్‌స్పెక్టర్ టార్చితో ముందు దూరింది. వెనకే అక్క.

గుంట గోడలకు మందపాటి పాత గుడ్డ మేకులతో కొట్టి ఉంది. వెనకటి రోజుల్లో శబ్దం మింగడానికి కొట్టింది అది. ఎంత అరిచినా పైకి పోదు. దూరంగా మూలన, పైనున్న స్టేజి చెక్కల్లోకి పోయే కరెంటు వైర్ల ప్లాస్టిక్ పైపు కింద పిట్ట కూర్చుని ఉంది. ఒక చెయ్యి పైపును పట్టుకుంది. రెండో చేతిలో మౌత్‌పీస్. ఇప్పటిదాకా దాన్ని పైపు చివర దూర్చి అందులోకి ఊదింది. దమ్మున్నంతసేపు మూడేసి సార్లు. తర్వాత రెండేసి.

ఇప్పుడు ఊదడం లేదు. తల పక్కకు వాలి ఉంది. పెదవులు నీలంగా ఉన్నాయి.

ఇన్‌స్పెక్టర్ పిట్ట మెడ దగ్గర చెయ్యి పెట్టి చూడాలనుకుంది. చెయ్యి లేవలేదు. రెండేళ్ల కిందట అలా పెట్టి చూసిన చెయ్యి అది.

అక్క ఆమెను దాటుకుని వెళ్లింది. చెల్లెలి వెనక కూర్చుని వీపును తన గుండెకు ఆనించుకుంది. ముక్కు దగ్గర చెవి పెట్టి వింది. ఆ వినడం ఎంతసేపో ఎవరూ లెక్కపెట్టలేదు.

"ఉంది," అంది అక్క. "ఈల వినిపిస్తోంది. ఉంది."

ఇన్‌హేలర్ నోట్లో పెట్టి నొక్కింది. ఒకటి. ఆగి రెండు. "లోపలికి పీల్చవే. రెండు గళ్లు. ఇప్పుడు ఆగు. మళ్లీ రెండు గళ్లు." రోజూ రాత్రి చెప్పే మాటల్లా చెప్పింది. నాలుగోసారికి పిట్ట వీపు పైకి లేచి దిగింది. ఆరోసారికి ఆమె వేళ్లు అక్క మణికట్టును పట్టుకున్నాయి.

ఇన్‌స్పెక్టర్ టార్చి గోడ వైపు తిప్పింది. తన ముఖం మీద వెలుగు పడకుండా.

11.24.

అంబులెన్స్‌వాళ్లు స్ట్రెచర్ బయటికి తెచ్చారు. ముఖానికి ఆక్సిజన్ మాస్కు పెట్టారు. ఇంకో పది నిమిషాలు ఆలస్యమై ఉంటే మేము ఖాళీగా వెళ్లేవాళ్లమని వాళ్లలో ఒకతను గుసగుసగా అన్నాడు. పిట్ట గుప్పిట్లో మౌత్‌పీస్ ఉంది. తీసుకోబోతే వదల్లేదు. ఉండనివ్వమంది అక్క.

పియానో మాస్టారిని కానిస్టేబుల్ ముందు గేటు గుండా నడిపించాడు. గోధుమరంగు నోట్‌బుక్ ఆయన సంచిలోనే దొరికింది. బోర్డు కింది నుంచి వెళ్తూ ఆయన తల ఎత్తలేదు. 'ముందు వినండి' అని రాసింది ఆయనే. ఆ హాల్లో అందరికన్నా బాగా విన్నదీ ఆయనే.

ఇన్‌స్పెక్టర్ ఎవిడెన్స్ కోసం పియానో మీది కాగితం తీసుకోవడానికి వెనక్కి వచ్చింది. స్టేజి మీద గుండు ఒక్కడే ఉన్నాడు. డ్రమ్ము ముందు కూర్చుని మీట వైపు చూస్తున్నాడు. ఇరవై రెండేళ్లుగా ఎన్ని వేలసార్లు తిప్పి ఉంటానో అన్నాడు. తప్పు మీది కాదని ఆమె చెప్పింది. అతను వినిపించుకున్నట్టు లేదు.

బయట అంబులెన్స్ స్టార్టయింది.

డ్రమ్ము గరగరలాడింది.

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. అది అంబులెన్స్ ఇంజిన్ అదురని ఇద్దరికీ తెలుసు. అయినా ఇద్దరూ తీగలు ఆగేదాకా చూశారు. బండి దూరమయ్యేకొద్దీ చప్పుడు సన్నబడింది.

గుండు చెయ్యి అలవాటుగా మీట దాకా వెళ్లింది. అక్కడ ఆగింది. వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఉండనివ్వండి," అంది ఇన్‌స్పెక్టర్. "మోగనివ్వండి."